మెస్సీ వచ్చిండు, బంతే రాలేదు

2025 డిసెంబర్ 13, శనివారం సాయంత్రం. ఉప్పల్ స్టేడియం ధగధగలాడింది. లియోనెల్ మెస్సీ వచ్చాడు. వెంట సువారెజ్, డి పాల్. 9వ నంబర్ జెర్సీ వేసుకుని మన ముఖ్యమంత్రి కూడా మైదానంలోకి దిగారు. బంతి తన్నారు. జనం ఈలలేశారు. రాహుల్ గాంధీ వచ్చి చూశారు. ముఖ్యమంత్రి జట్టు పేరులో సింగరేణి బొగ్గు సైతం తళుక్కుమంది. అన్నట్టు, ఉప్పల్‌ది క్రికెట్ స్టేడియం. ఫుట్‌బాల్ దేవుణ్ని పిలిచి క్రికెట్ గుడిలో ప్రతిష్ఠించాం. పూజారులకు మాత్రం కొదవలేదు.

ఆ పర్యటనలోనే ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మెస్సీ పక్కన నిలబడి ఫొటో దిగడానికి రేటు కట్టారు. మనిషికి 9 లక్షల 95 వేల రూపాయలు. జీఎస్టీ అదనం. వంద మందికే చోటు. దర్శనానికీ పన్నే, ప్రసాదానికీ పన్నే. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో పుట్టిన మన ముఖ్యమంత్రికి మాత్రం మెస్సీ పక్కన నిలబడే చోటు సహజంగానే దొరికింది. మా జిల్లా మనిషి మెస్సీతో బంతాట ఆడాడు! గర్వపడాలా? పడదాం. ఎవరొద్దన్నారు? ఛాతీ కాస్త కిందికి దిగాక ఒక్క ముచ్చట అడుగుదాం. అదే జిల్లాలో సర్కారు బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లాడు ఈ ఏడాది మొత్తమ్మీద ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు? రిఫరీ విజిల్ వేసి, స్కోరు రాసి, రేపు మళ్లీ ఇక్కడికే రావాలని చెప్పిన మ్యాచ్‌లు ఎన్ని?

నసుగుడు వద్దు. అంకె చెప్పండి.

మెస్సీ ఒక్క సాయంత్రంలో మెస్సీ కాలేదు. స్పెయిన్ లా లిగాలో 17 సీజన్లు ఆడాడు. 520 మ్యాచ్‌లు, 474 గోల్స్. 2011–12 సీజన్‌లోనే 50 కొట్టాడు. అక్కడ సీజన్ అంటే తమాషా కాదు. 20 జట్లు. ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. మొత్తం 380. ఆగస్టులో మొదలైతే మే దాకా సాగుతుంది. ఎవరు ఎవరి ఊరికి ఏ వారం వెళ్లాలో ముందే రాసి పెడతారు. మంత్రిగారి వీలు చూసుకుని మ్యాచ్ జరగదు. జరిగే మ్యాచ్‌కే మంత్రిగారు వీలు చూసుకోవాలి. చివరి మూడు స్థానాల్లో నిలిచిన జట్లు కింది డివిజన్‌కు పోవాల్సిందే. 2024–25లో వల్లడోలిడ్, లాస్ పాల్మాస్, లెగానేస్ పోయాయి. 88 పాయింట్లతో బార్సిలోనా గెలిచింది. 84తో రియల్ మాడ్రిడ్ పళ్లు కొరుక్కుంది.

మన సీజన్ ఎంతసేపు నడిచింది? ఫ్లడ్‌లైట్లు ఆర్పేదాకా.

ఇంతకీ రాష్ట్రంలో క్రీడలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి. చూస్తే నవ్వొస్తుంది, తర్వాత ఇంకేదో వస్తుంది. గత ప్రభుత్వంలో 2019 నుంచి 2023 దాకా క్రీడల మంత్రి శ్రీనివాస్‌గౌడ్. ఏ ఊరు? మహబూబ్‌నగర్. ఇప్పుడు క్రీడల మంత్రి వాకిటి శ్రీహరి. ఏ ఊరు? మక్తల్. క్రీడా ప్రాధికార సంస్థ చైర్మన్ శివసేనారెడ్డి. ఏ జిల్లా? వనపర్తి. వీళ్లందరి మీద ముఖ్యమంత్రి. ఏ జిల్లా? చెప్పుకున్నాం కదా. పార్టీ మారినా, ప్రభుత్వం మారినా ఆటల శాఖ మాత్రం పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) గడప దాటడం లేదు. కెప్టెన్ మనవాడే, వైస్ కెప్టెన్ మనవాడే, కోచ్ మనవాడే, మేనేజర్ మనవాడే. ఒక్క జట్టే లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలకూ కలిపి చూసినా ఏడాది పొడుగునా నడిచే ఒక ఫుట్‌బాల్ లీగ్ పేరు చెప్పగలరా? తడుముకోకుండా చెప్పాలి సుమా. వెనకబడిన ప్రాంతం అని మమ్మల్ని డెబ్బై ఏళ్లుగా పిలిచారు. కింది డివిజన్ అనుకుని సర్దుకున్నాం. ఇప్పుడు మావాళ్లే పై డివిజన్ ఏలుతున్నారు. మరి మాకు ప్రమోషన్ ఎప్పుడు?

సరే, మైదానాలు ఇచ్చాం కదా అంటారు. ఇచ్చారు. 2022లో తెలంగాణ క్రీడా ప్రాంగణాలని ఊరూరా మొదలుపెట్టారు. ఎకరమో, అరెకరమో. ఖోఖో కోర్టు, కబడ్డీ కోర్టు, వాలీబాల్ స్తంభాలు, లాంగ్ జంప్ గుంత, కసరత్తుకు ఇనుప కడ్డీలు. ముందు ఒక కమాను. కమాను మీద బోర్డు. బోర్డు మీద పెద్దల బొమ్మలు. పనులు ఉపాధి హామీ పద్దు కింద. కాగితం మీద చూస్తే ఊరికో ఒలింపిక్ గ్రామమే.

వెళ్లి చూశారా? వెళ్లండి. ముందు దారి కనుక్కోండి. ఊళ్లో ఖాళీ జాగా ఎక్కడుంది? బాగున్న జాగాలన్నీ పెద్దమనుషులు ఎప్పుడో చూసుకున్నారు. మిగిలింది గుట్ట బోడు, చెరువు శికం, శ్మశానం పక్క చెలక. అక్కడ పాతారు బోర్డు. సర్కారు తుమ్మ ఎంచక్కా ఎదిగింది. దానికి కోచ్ అక్కర్లేదు, క్రీడా విధానం అక్కర్లేదు, మైదానంలో మొదటి నుంచీ క్రమం తప్పకుండా సాధన చేస్తున్న ఏకైక క్రీడాకారిణి అదే. లాంగ్ జంప్ గుంతలో వానకాలం నీళ్లు, ఎండకాలం మేకలు. ఇనుప కడ్డీల మీద ఎవరో బట్టలు ఆరేశారు. మంచిదే. దేనికో ఒకదానికి పనికొచ్చాయి. బాగున్న ప్రాంగణాలు లేవని కాదు. ఎక్కడో సర్పంచ్ పట్టుబట్టి చదును చేయించిన చోట పిల్లలు ఆడుతున్నారు. అది సర్పంచ్ పుణ్యం. పథకం పుణ్యం కాదు. ఎందుకంటే ఎకరంలో ఖోఖో పడుతుంది, కబడ్డీ పడుతుంది, ఫుట్‌బాల్ మైదానం పట్టదు. లెక్క వేసినవాడు బంతి ఎప్పుడూ తన్నలేదు. శంకుస్థాపన రాయినైతే ఎన్నోసార్లు తన్ని ఉంటాడు.

తర్వాత ప్రభుత్వం మారింది. బొమ్మలూ మారాలి కదా? ఆ ఖర్చుకు మాత్రం ఎవరూ వెనకాడరు.

ఆడించేవాళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. 2024 ఫిబ్రవరిలో మెగా డీఎస్సీ ప్రకటించారు. 11,062 ఉపాధ్యాయ పోస్టులు. మీసం మెలేశారు. అందులో వ్యాయామ ఉపాధ్యాయులు ఎందరు? 182 మంది. రాష్ట్రం మొత్తానికి. 33 జిల్లాలకు పంచితే జిల్లాకు ఐదున్నర మంది. ఆ అరమనిషిని ఏ మండలానికి పంపారో కనుక్కోవాలి. ఆ వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) ఉన్న బడిలో మాత్రం ఏం వెలగబెడుతున్నారు? ప్రార్థన దగ్గర సావధాన్, విశ్రామ్ చెప్పిస్తారు. ఆగస్టు 15కు పరేడ్ చేయిస్తారు. కలెక్టర్ వస్తే వరుసలో నిలబెడతారు. మధ్యాహ్న భోజనం లెక్క ఆయనదే, ఎన్నికల డ్యూటీ ఆయనదే. ఆటల పీరియడ్‌ను లెక్కల సారు ఎత్తుకుపోతే కిక్కురుమనరాదు. పదో తరగతి ఫలితాల్లో జిల్లా ర్యాంకు తగ్గితే సమీక్ష ఉంటుంది. ఆటల్లో జిల్లా ర్యాంకు ఏమిటో ఏ సమీక్షలోనైనా, ఎవరైనా, ఒక్కసారైనా అడిగారా?

ఆగస్టు గురించి కాస్త ఎక్కువ మాట్లాడుకోవాలి. ఆగస్టులో స్పెయిన్‌లో లీగ్ మొదలవుతుంది. ఆగస్టులో మా నడిగడ్డలోనూ ఒక సీజన్ మొదలవుతుంది. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య గద్వాల నేల. సీడ్ పత్తికి దేశమంతా పేరున్న నేల. ఆ సీజన్ పేరు క్రాసింగ్. సాయంత్రం ఆడ మొగ్గలను గిల్లాలి. పొద్దున్నే మగ పువ్వు పుప్పొడి తెచ్చి రుద్దాలి. పూటకు వందల మొగ్గలు. ఎత్తు తక్కువుండాలి, వేళ్లు సన్నగుండాలి. అంటే ఎవరు కావాలి? పిల్లలు కావాలి. బడిలో హాజరు పట్టీ ఆ రెండు మూడు నెలలు ఖాళీ గళ్లతో నిండుతుంది. ఏళ్ల తరబడి పత్రికలు రాశాయి, సంఘాలు మొత్తుకున్నాయి, అధికారులు పిల్లలను చేలకు తీసుకెళ్లే ఆటోలు ఆపి ఫొటోలు దిగారు. విత్తనం కంపెనీలు బాలకార్మికులను పెట్టుకోం అని కాగితాల మీద సంతకాలు చేశాయి. కంపెనీల తరఫున సాగు చేయించే ఆర్గనైజర్లు తలూపారు. మర్నాడు పొద్దున ఆటో మళ్లీ బయల్దేరింది.

బార్సిలోనాలో లమీన్ యమాల్ అనే పిల్లాడున్నాడు. 2007లో పుట్టాడు. పదిహేనేళ్లకే లా లిగాలో అడుగుపెట్టాడు. 2025 మే 15న ఎస్పాన్యోల్ మైదానంలో మొదటి గోల్ కొట్టి జట్టుకు టైటిల్ ఖాయం చేసినప్పుడు వాడికి పదిహేడేళ్లు. తండ్రిది మొరాకో, తల్లిది ఈక్వటోరియల్ గినీ. వలస కూలీలుండే రొకాఫోండా అనే పేటలో పెరిగాడు. గోల్ కొట్టిన ప్రతిసారీ వేళ్లతో 304 చూపిస్తాడు. అది వాళ్ల పేట పిన్‌కోడ్‌లో చివరి మూడు అంకెలు. స్పెయిన్ పెద్దలు ముక్కు మూసుకుని దాటిపోయే పేటను వాడు వేళ్ల మీద ఎత్తి ప్రపంచానికి చూపించాడు.

వలస గురించి పాలమూరుకు ఎవరైనా పాఠం చెప్పాలా? బొంబాయి, పుణె, బెంగళూరు. మా వాళ్లు కట్టని డ్యామ్ ఉందా, తవ్వని కాలువ ఉందా? ఆ కూలీల పిల్లల్లో యమాల్ ఉన్నాడా లేడా? ఉన్నాడేమో. ఎట్లా తెలుస్తుంది? పొద్దున ఆరింటికి పత్తి చేలో ఉన్నవాణ్ని ఏ అకాడమీ వాడొచ్చి చూస్తాడు? పిన్‌కోడ్ చివర గద్వాలకూ 125 ఉంది, వనపర్తికి 103 ఉంది, నాగర్‌కర్నూల్‌కు 209 ఉంది. చూపించడానికి వేళ్లూ ఉన్నాయి. ఆ వేళ్లకు పుప్పొడి అంటుకుని ఉంది, అంతే తేడా.

వాళ్లు స్పెయిన్, మనమేమో పేదోళ్లం, ఎట్లా పోలుస్తారు అంటారా? అక్కడికే వస్తున్నా. ఐబార్ అని ఒక ఊరుంది. ఉత్తర స్పెయిన్‌లో, కొండల మధ్య. ఒకప్పుడు తుపాకులు చేసిన పనివాళ్ల ఊరు. జనాభా సుమారు 27 వేలు. 2011 లెక్కల్లో నాగర్‌కర్నూల్ పట్టణం ఎంతో అదీ అంతే. ఆ ఐబార్ జట్టు 2014లో లా లిగాకు ఎక్కింది. స్టేడియంలో ఎనిమిది వేల మంది పడితే గొప్ప. ఎక్కే వేళకు చట్టం అడ్డొచ్చింది. అప్పుల్లేని క్లబ్బు, సొమ్ము తక్కువ. ఇంకో 17 లక్షల యూరోల పైచిలుకు మూలధనం చూపకపోతే కింది డివిజన్‌కు తోసేస్తామన్నారు. అప్పుల్లో ఈత కొడుతున్న పెద్ద క్లబ్బులకు లేని శిక్ష అప్పులేనివాడికి! (పెత్తనం లెక్క అక్కడా ఇంతే, కంగారు పడకండి.) ఊరు ఏం చేసింది? షేర్లు అమ్మకానికి పెట్టింది. ఎవరూ మూటగట్టుకుపోకుండా ఒక్కరే ఎక్కువ కొనకుండా చూసుకుంది. దేశదేశాల నుంచి ముక్కూమొహం తెలియనివాళ్లు కొన్నారు. డబ్బు జమైంది. ఏడు సీజన్లు మెస్సీ, రొనాల్డో లాంటివాళ్లు ఆ కొండల మధ్య బుల్లి మైదానానికి బస్సేసుకుని రావాల్సి వచ్చింది.

ఇంకోటి, విల్లారియల్. పింగాణీ పలకల ఊరు. జనం యాభై వేల చిల్లర. అంటే గద్వాల కంటే చిన్నది, వనపర్తి కంటే చిన్నది. ఛాంపియన్స్ లీగ్‌లో రెండుసార్లు సెమీ ఫైనల్ ఆడింది. 2021లో యూరోపా లీగ్ ఫైనల్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను పెనాల్టీల్లో 11–10తో పడగొట్టింది. ఊరి మైదానంలో దాదాపు సగం ఊరు కూర్చోవచ్చు. గద్వాలకు ఏం తక్కువ? చీరల పేరు చెబితే దేశం చెయ్యెత్తి మొక్కుతుంది. కోట ఉంది. వనపర్తికి రాజుల ప్యాలెస్ ఉంది, అందులో పాలిటెక్నిక్ ఉంది. పేరుంది, జనముంది, పిల్లలున్నారు. రెండు నదులున్నాయి. ఇద్దరు ముగ్గురు మంత్రులూ ఉన్నారు. లేనిదేమిటో మీరే పూరించండి.

హైదరాబాద్‌కు వద్దాం. ఒకప్పుడు ఈ నగరం ఫుట్‌బాల్‌కు పెట్టింది పేరు. బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఆయన కోచ్‌గా 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారం వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆయన మీద సినిమా తీయాల్సిన బాధ్యత బొంబాయివాళ్లకు గుర్తొచ్చింది. మనకు ఆయన వారసత్వం గుర్తొస్తుందా? వస్తుంది. ఉపన్యాసం రాసిచ్చేవాడు రాసిస్తే.

మరి మన సొంత క్లబ్బు? హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఒకటి ఉండేది. 2019లో పుణె నుంచి వచ్చింది. 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కోచ్ ఎవరు? మనోలో మార్కెస్. స్పెయిన్ మనిషి. లా లిగాలో లాస్ పాల్మాస్‌కు శిక్షణ ఇచ్చినవాడు. ఇదిగో, స్పెయిన్ లీగ్ నడిచి నడిచి మన గచ్చిబౌలి దాకా వచ్చింది. వస్తే ఏం చేశాం? రెండేళ్లు తిరక్కుండానే జీతాలు ఆగాయి. ఆటగాళ్లు ఒక్కొక్కరే మూట సర్దారు. ఫిఫా కొత్తవాళ్లను తీసుకోవద్దని నిషేధం పెట్టింది. 2023–24లో 22 మ్యాచ్‌లాడి గెలిచింది ఒక్కటి. చివరికి యజమాని మారాడు. 2025లో క్లబ్బు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ పోయింది. పేరు కూడా మార్చుకుంది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. పాలమూరు మనుషులే కాదు, హైదరాబాద్ క్లబ్బులు కూడా పొట్ట చేతపట్టుకుని వలసపోయే కాలం వచ్చింది. ఒక్క ఎమ్మెల్యే ధర్నా చేశాడా? ఒక్క రాస్తారోకో జరిగిందా? ఆ క్లబ్బు పోయిన కొన్ని వారాలకే మెస్సీకి ఎర్ర తివాచీ. ఇంట్లో పొయ్యి ఆరిపోయిన రోజే ఊరంతటికీ విందు ప్రకటించినట్టు.

అదే 2025 ఆగస్టులో కొత్త క్రీడా విధానం విడుదల చేశారు. స్పోర్ట్స్ హబ్‌కు ఘనమైన బోర్డు వేశారు. చైర్మన్ సంజీవ్ గోయెంకా. ఎవరాయన? కోల్‌కతాలో మోహన్ బగాన్ యజమాని. కో చైర్‌పర్సన్ ఉపాసన కొణిదెల. కపిల్‌దేవ్ ఉన్నారు, భూటియా ఉన్నారు. మంచివాళ్లే, గొప్పవాళ్లే. మన క్లబ్బు ఢిల్లీకి, మన బోర్డు కోల్‌కతాకు. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల గుగులోత్ సౌమ్య క్రొయేషియా దాకా వెళ్లి డైనమో జాగ్రెబ్‌తో ఒప్పందం చేసుకుంది, భారత జట్టు తరఫున గోల్స్ కొట్టింది. ఆమె ఏ క్లబ్బుకు ఆడుతుంది? ఈస్ట్ బెంగాల్‌కు. మరి తెలంగాణ వాటా ఏమిటి? అభినందన సభ, శాలువా.

స్పెయిన్‌వాళ్లను మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. వాళ్లూ వ్యాపారులే. 2018 నుంచి మూడు సీజన్లు మన దేశానికి ఫేస్‌బుక్‌లో ఉచితంగా ఆట చూపించి అలవాటు చేశారు. ఇప్పుడు చూడాలంటే డబ్బు కట్టాలి. భారత్‌లో తమ ఫుట్‌బాల్ లీగ్‌కు రాయబారిగా 2019లో ఎవరిని పెట్టుకున్నారో తెలుసా? రోహిత్ శర్మను. క్రికెటర్‌ను! మన సంగతి మనకంటే వాళ్లకే బాగా తెలుసు. వాలెన్సియాలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినీషియస్‌ను రంగు పేరుతో తిట్టిన గ్యాలరీలు వాళ్లవే. 2025 డిసెంబర్‌లో విల్లారియల్, బార్సిలోనా మ్యాచ్‌ను అమెరికాలోని మయామీకి ఎత్తుకుపోయి అమ్ముకుందామని చూశారు. ఆటగాళ్లు ఊరుకోలేదు. అక్టోబర్‌లో మ్యాచ్ మొదలవగానే పదిహేను సెకన్లు కదలకుండా నిలబడ్డారు. అభిమానులు తిట్టారు. లీగ్ తోకముడిచింది. మా ఊరి మ్యాచ్ మా ఊళ్లోనే జరగాలని కొట్లాడేవాళ్లున్నారు అక్కడ. మన క్లబ్బుకు క్లబ్బే ఎత్తుకుపోతే మనం వాట్సాప్‌లో ఏడుపు బొమ్మ పెట్టి పడుకున్నాం.

ఇంకో సంగతి, అసలు సంగతి. 2021 ఆగస్టులో మెస్సీ బార్సిలోనాను ఎందుకు వదిలాడు? ఉంటాననే అన్నాడు. క్లబ్బూ ఉంచుకుంటాననే అంది. లీగ్ పెట్టిన జీతాల పరిమితి అడ్డొచ్చింది. క్లబ్బు అప్పు వంద కోట్ల యూరోలు దాటి ఉంది. నిబంధన నిబంధనే అన్నారు. 474 గోల్స్ కొట్టినవాడు ఏడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

మన దగ్గర? గద్వాల ఎమ్మెల్యే బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి 2023లో కారు గుర్తు మీద గెలిచారు. 2024 జులైలో కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. నెల తిరక్కుండానే మళ్లీ పాత పార్టీ నేత కేటీఆర్‌ను కలిశారు. ఆ తర్వాత మళ్లీ ఇటు. స్పెయిన్‌లో ట్రాన్స్‌ఫర్ విండో వేసవిలో కొన్నాళ్లు, జనవరిలో కొన్నాళ్లు తెరుస్తారు. గద్వాలలో కిటికీ కాదు, వాకిలి తీసే ఉంటుంది. ఇలా పార్టీ ఫిరాయించిన పదిమంది ఎమ్మెల్యేల సంగతి తేల్చండని సుప్రీంకోర్టు గడువు పెట్టింది. డిసెంబర్ 17న, అంటే మెస్సీ వచ్చిపోయిన నాలుగో రోజున, స్పీకర్ ఐదుగురి సంగతి తేల్చారు. గద్వాల ఎమ్మెల్యే కూడా అందులో ఉన్నారు. పార్టీ మారినట్టు ఆధారాల్లేవన్నారు. కండువా కప్పిన ఫొటోలు? బహుశా వీడియో రిఫరీ (వీఏఆర్) పనిచేయలేదు. రిఫరీ చూడని ఫౌల్ ఫౌల్ కాదు. ఆట ఆగలేదు, ఆడండి ఆడండి.

సరిగ్గా అదే రోజు ఊళ్లలో సర్పంచ్ ఎన్నికల మూడో విడత. ఈ ముక్క మాత్రం జాగ్రత్తగా చదవండి. డిసెంబర్ 11, 14, 17. మూడు విడతలు. ఏ ఊరికి ఏ తేదీయో ముందే ప్రకటించారు. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ బంద్, రెండింటికి లెక్కింపు, రాత్రికి ఫలితం. గట్టు మండలం మారుమూల నుంచి నల్లమల చెంచు పెంటల దాకా సిబ్బంది వెళ్లారు, పెట్టెలు వెళ్లాయి, పోలీసులు వెళ్లారు. (ఆ ఎన్నికలే దాదాపు రెండేళ్లు ఆలస్యం, అది వేరే వ్యంగ్యానికి సరుకు.) అంటే ఏమిటి? ఫిక్చర్ వేయడం ఈ సర్కారుకు రాక కాదు. వేల ఊళ్లకు తేదీ, వేళ, అంపైర్, స్కోర్‌కార్డు అన్నీ పంపగలదు. తనకు కావాల్సింది అక్కడ ఉంటే.

సీఎం కప్ ఉంది కదా అంటారు. ఉంది. గత ప్రభుత్వమూ పెట్టింది, ఈ ప్రభుత్వమూ పెట్టింది. పేరులోనే ఉంది ఎవరి కోసమో. టార్చి ర్యాలీ, టీషర్టులు, ప్రారంభోత్సవంలో పావురాలు. ఊళ్లో ఓడిన జట్టుకు అక్కడితో సరి. పొద్దున మొదలైన వాడి సీజన్ మధ్యాహ్నానికి అయిపోతుంది. మళ్లీ వచ్చే ఏడాది, ప్రభుత్వం దయ తలిస్తే. ఓడినవాడికి వచ్చే వారం ఇంకో మ్యాచ్ ఉండాలి కదా? ఓడి, మళ్లీ వచ్చి, మళ్లీ ఓడి, మార్చిలో ఎప్పుడో ఒకటి గెలిచేవాడికి జాగా ఏది?

పెద్ద కోరికలేం లేవు. మెస్సీ వద్దు, ఫలక్‌నుమా వద్దు. మూడు జిల్లాలు, జిల్లాకు రెండేసి జట్లు, మొత్తం ఆరు. గద్వాల, అలంపూర్, వనపర్తి, కొత్తకోట, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్. ఒక్కో జట్టు మిగతా ఐదింటితో సొంతూళ్లో ఒకసారి, వాళ్లూళ్లో ఒకసారి. ముప్పై మ్యాచ్‌లు. ఆదివారానికి మూడేస్తే పది ఆదివారాలు. బస్సు చార్జీలు, బూట్లు, రెండు బంతులు, నిమ్మకాయ నీళ్లు. ఫలక్‌నుమాలో ఒకరిద్దరు దిగిన ఫొటోల ఖర్చుతో అయిపోతుంది. క్రాసింగ్ రోజుల్లోనే పెట్టండి, పిల్లలు చేలో ఉన్నారో మైదానంలో ఉన్నారో ఊరందరికీ తెలుస్తుంది. మొదటి మ్యాచ్ గద్వాలకూ వనపర్తికీ పెట్టండి. ముఖ్యమంత్రిగారు రానక్కర్లేదు. మంత్రిగారు రానక్కర్లేదు. చైర్మన్‌గారూ తీరిగ్గా పడుకోవచ్చు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒక రిఫరీని పంపండి చాలు. విజిల్ మేమే కొనుక్కుంటాం.